ఆటుపోట్లు చూసి గీసిన వారం

మా ఆయన హార్బరులో ఓడల పట్టీ రాసే గుమాస్తా. ఏ ఓడ ఎప్పుడొస్తుంది, ఏ బెర్తులో కట్టాలి, లోపల సరుకేమిటి, మళ్ళీ ఎప్పుడు పోతుంది, ఇవన్నీ గళ్ళు గీసిన పెద్ద కాగితం మీద వరసగా రాయడం ఆయన పని. ఎనభైల మొదట్లో, మాకు పెళ్ళైన రెండో ఏడు, ఒక శనివారం సాయంత్రం అలాంటి కాగితమే ఒకటి చుట్టచుట్టి ఇంటికి తెచ్చారు. మంచం మీద పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టి, "ఇదిగో, మన వారం" అన్నారు.

వంగి చూశాను. ఓడ పేరు రాయాల్సిన గడిలో 'ఇద్దరం' అని ఉంది. బెర్తు అన్నచోట సింహాచలం, జాలరిపేట, భీమిలి అంటూ రోజుకొక ఊరో పేటో. రాక, పోక అన్నచోట గంటలూ నిమిషాలూ. సరుకు అన్నచోట తిండి: ఒకరోజు పనస తొనలు, ఒకరోజు చందువా చేప, ఒకరోజు చోడి అంబలి, అదే రాగి జావ. పక్కన చిన్న అక్షరాలతో ఆ రోజు సముద్రం పోటు మీద ఎప్పుడుంటుందో, ఆటు మీద ఎప్పుడుంటుందో కూడా రాశారు. చివరన శనివారం గడిలో మాత్రం ఒక్కటే మాట ఉంది: ఉత్తరం.

ఆ ఉత్తరం సంగతి ముందు చెప్పాలి. మాది గుడివాడ పక్క పల్లె. పెళ్ళై వచ్చిన రోజు నుంచీ నాకు విశాఖపట్నం సరిపడలేదు. మేముండేది పాత ఊళ్ళో, హార్బరుకి దగ్గర్లో. తెల్లచీర ఆరేస్తే సాయంత్రానికి ఇనుప ఖనిజం దుమ్ముతో అది కాషాయం అయ్యేది. కుళాయి ఎప్పుడొస్తుందో ఆ కుళాయికే తెలియదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఒంటికి ఉప్పుగాలి జిడ్డు. ఆయన రుచికి కూరలో బెల్లం, చారులో బెల్లం వెయ్యాలి, ఏమన్నా అంటే "బాగుంటది, తిను" అనేవారు. నాకసలే ముక్కుమీద కోపం. ఏడాది పొడుగునా అన్నం పెడుతూ ఒక మాట, పక్క వేస్తూ ఒక మాట, "మా ఊరు పోదాం" అనే పాటే పాడాను. ఆయన విన్నంతసేపూ వినేవారు, ఔననేవారు కాదు, కాదనేవారూ కాదు. ఆ మౌనం చూస్తే నాకింకా ఒళ్ళు మండేది.

నా పోరు పడలేక మా నాన్న గుడివాడలో తెలిసినవాళ్ళ రైసుమిల్లులో అల్లుడికి ఒక ఉద్యోగం చూశారు. "వచ్చే శనివారంలోగా ఔనో కాదో రాయండి, ఆ తర్వాత వాళ్ళు ఆగరు" అని ఉత్తరం రాశారు. ఆయన ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి, నా చేతికిచ్చారు.

"నాను ఒక వారం సెలవెట్టేత్తాను. ఊరంతా తిరుగుదాం. శనివారం నాడు మీ నాన్నగారికి ఉత్తరం రాద్దాం" అన్నారు.

నాకు అర్థమైపోయింది. ఊరు చూపించి నా మనసు మార్చాలని ఎత్తు. సరే, ఎన్ని కొండలెక్కించినా ఔననే రాయిస్తాను, చూద్దాం ఎవరు నెగ్గుతారో అనుకుని, పట్టుచీరలు పెట్టెలో దాచి నేతచీరలు బయటికి తీశాను.

ఆదివారం సింహాచలం. బస్సు దిగాక మెట్లదారినే ఎక్కాలన్నారు. "ఎన్ని మెట్లండీ?" అంటే "సానా" అన్నారు. సగం దూరం వెళ్ళేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన మాత్రం రెండేసి మెట్లు ఎక్కుతూ, ప్రతి మలుపులోనూ ఆగి వెనక్కి తిరిగి, కింద పచ్చటి లోయలోకి చూస్తూ నిలబడేవారు. ఒకచోట దారి రెండుగా చీలింది. ఎటు వెళ్ళాలో తెలియక సంపెంగపూలమ్మే ఆవిణ్ణి అడిగారు. ఈ కొండకి దగ్గర్లోనే, సబ్బవరం పక్కన పుట్టిన మనిషి, దీని దారి ఇంకొకరిని అడగడమేమిటని నాకు నవ్వొచ్చింది.

"మీ ఊరి దేవుడే కదండీ?"

"సిన్నప్పుడు బండి మీద తీసుకొచ్చినారు. నిద్రపోయాను" అన్నారు, సిగ్గుపడుతూ.

అక్కడి స్వామి ఏడాదికొక్క రోజే అసలు రూపంతో కనిపిస్తాడు. మిగతా రోజులన్నీ ఒళ్ళంతా చందనం కప్పుకునే ఉంటాడు. "అచ్చం మీలాగే" అన్నాను. గుళ్ళో అలా నవ్వకూడదని ఆయన తల పక్కకి తిప్పుకున్నారు. దిగేటప్పుడు మెట్ల మీద కూర్చుని పనస తొనలు తిన్నాం. పనస మాత్రం మా ఊళ్ళో దొరికేదానికంటే బాగుంది, ఆ మాట పైకి అనలేదు.

సోమవారం పొద్దున్నే జాలరిపేట ఇసుకలో ఉన్నాం. పడవలు ఒడ్డుకొచ్చాయి, వలలు దులిపారు, అక్కడికక్కడే వేలంపాట మొదలైంది. నేను కాలవ చేపలు తిన్నదాన్ని. బొచ్చె, కొరమేను అంటే నాకు ప్రాణం. సముద్రం చేప అంటే నీచు అని ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డాను. తట్టలో చందువాలు పెట్టుకున్న ఒకావిడ నన్ను చూసింది.

"ఓలమ్మా, ముక్కు మూసుకుంటే సేపెలా కొంటావు? ఇలా రా. మొప్ప ఎత్తి సూడు. ఎర్రగా ఉందా నేదా?"

"వాసనొస్తోంది" అన్నాను.

"సముద్రం వాసన గదమ్మా అది! సేపకేటి వాసన? ముట్టుకో, నిన్నేటీ కరిసీదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు రోషం వచ్చి, రెండు చేపలు మొప్పలెత్తి చూసి, గట్టిగా బేరమాడి మరీ కొన్నాను. ఇంటికొచ్చి మా అమ్మ పంపిన గుంటూరు కారం దండిగా వేసి పులుసు పెట్టాను. బెల్లం ముక్క మచ్చుకైనా వెయ్యలేదు. ఆయన కళ్ళవెంట, ముక్కువెంట నీళ్ళు కారుతుండగా తిన్నారు, మళ్ళీ వడ్డించుకున్నారు కూడా. చేప వెన్నలా ఉన్నమాట నిజం.

అప్పటికే నాకొక సంగతి అంతుపట్టడం లేదు. ఆయన ఒక్కసారి కూడా "నచ్చిందా?" అని అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు తయారుగా ఉంది. అడగందే ఎలా చెప్పను?

మంగళవారం భీమిలి వెళ్ళాం. బస్సు దిగగానే పాత లైట్‌హౌసు చూసి, ఎప్పుడో వచ్చి అక్కడే చచ్చిపోయిన డచ్చివాళ్ళ సమాధులు చూసి, ఇసుకలో నడక మొదలుపెట్టాం. ఆ నడక సరిగ్గా ఆటు మీద పెట్టారు. సముద్రం వెనక్కి తగ్గితే తడి ఇసుక గట్టిగా ఉంటుందనీ, కాళ్ళు కూరుకుపోవనీ ఆయన లెక్క. లెక్క మాట నిజమే కానీ, ఎంత దూరమో చెప్పలేదు. నడుస్తూనే ఉన్నాం. నా కాళ్ళు బొబ్బలెక్కాయి. ఒక చెట్టు నీడలో కూలబడి, ఉడకబెట్టిన పల్లీలు వొలుచుకు తింటూ, "మీ ఓడలకైతే లంగరు వేస్తారు కదా, నాకూ వెయ్యండి" అన్నాను. ఆయన కాగితం తీసి చూసి, నిజంగానే ఇరవై నిమిషాలు మంజూరు చేశారు. అంతటి మహానుభావుడు.

బుధవారం సబ్బవరం పక్కన వాళ్ళ ఊరు. అక్కడ వాళ్ళ పెదనాన్నది తప్పెటగుళ్ళ జట్టు. గుండె మీద గుండ్రటి రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, పాడుతూ వాయిస్తూ గుండ్రంగా తిరుగుతూ ఆడతారు. కొత్త కోడలు చూస్తానందని మా ఆయనే కబురు పెట్టారట, నేనెప్పుడు అన్నానో నాకే తెలియదు. మధ్యాహ్నం చోడి అంబలి, ఉల్లిపాయ, ఆవపెట్టిన పనసపొట్టు కూర పెట్టారు. ఎండ చల్లబడ్డాక కళ్ళంలో ఆట మొదలైంది. కాసేపటికి పెదనాన్నగారు ఆట ఆపి, తన గుండె మీది తప్పెట విప్పి మా ఆయన చేతికిచ్చారు.

"రారా, ఒకపాలి కట్టు. మళ్ళీ ఎప్పుడు కడతావో ఏటో" అన్నారు.

ఆయన ప్యాంటు పైకి మడిచి, తప్పెట కట్టుకుని దిగారు. మొదట రెండు చుట్లు కాళ్ళు తడబడ్డాయి. ఆ తర్వాత చూడాలి! మెడలో నరాలు ఉబ్బేట్టు పాడుతూ, ఎగిరి ఎగిరి గిరికీలు కొడుతూ, ఇంట్లో రోజంతా కలిపి పది మాటలు మాట్లాడని ఆ మనిషి నోరంతా తెరిచి నవ్వుతున్నారు. నేను ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. చాలా బాగున్నారు. దగ్గరికొచ్చి చెమట తుడుచుకుంటుంటే మాత్రం, "ప్యాంటు చిరిగిందేమో చూసుకోండి" అన్నాను. నా నోరు అలాంటిది.

గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారు. అమ్మవారికి కప్పు లేదు. ఎండా వానా నేరుగా ఆవిడ మీదే పడతాయి. నేను పసుపు, కుంకుమ, పాలు పళ్ళెంలో పెట్టుకుని వరసలో ముందుకెళ్ళి, మా వైపు అలవాటు ప్రకారం పూజారి అందుకుంటారని పళ్ళెం చాచి నిలబడ్డాను. ఎవరూ అందుకోరు. వెనక వరస ఆగిపోయింది. వెనకనున్న ముసలావిడ నా భుజం తట్టింది.

"ఏటమ్మా, ఎవులి కోసం సూత్తన్నావు? నువ్వే రాయి. ఇక్కడ ఎవులి పసుపు ఆళ్ళే రాస్తారు."

"నేను ముట్టుకోవచ్చా?"

"మీ అమ్మని ముట్టుకోడానికి ఇంకోల్ని అడుగుతావేటి?"

చెయ్యి చాచి పసుపు రాశాను. రాయి ఎండకి వెచ్చగా ఉంది. అదివరకు ఎప్పుడూ ఏ గుళ్ళోనూ దేవత ఒంటి మీద చెయ్యి వెయ్యలేదు. ఉన్నట్టుండి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ ఊళ్ళో ఏడాదిగా నన్నెవరూ పరాయిదాన్ని అనలేదు, నాకు నేనే అనుకుంటూ తిరిగాను. ఈ మాట ఆయనకి చెప్పాలనిపించింది. చెబితే ఆయన నెగ్గినట్టవుతుందని నోరు మూసుకున్నాను. ఆయన అప్పుడూ అడగలేదు. ఇంటికెళ్ళే దారిలో గిన్నెల దుకాణాల ముందు నుంచి నడుస్తూ ఒక్కొక్క దుకాణాన్నీ పలకరిస్తున్నట్టు చూసుకుంటూ వచ్చారంతే.

శుక్రవారం హార్బరు మొగ, అంటే సముద్రంలోంచి ఓడలు లోపలికొచ్చే సన్నటి దారి, దాటి అవతలి గట్టుకెళ్ళి, డాల్ఫిన్ నోస్ కొండ మీది లైట్‌హౌసు ఎక్కాలి. ఇవతలి నుంచి అవతలికి జనాన్ని దాటించే లాంచీ ఉండేది. ఏ వేళకి లాంచీ ఎక్కాలో ఆయన మహా జాగ్రత్తగా చూశారు. పోటు నిండుగా ఉన్నప్పుడైతే లాంచీ గట్టుతో సమంగా పైకి తేలుతుంది, పాచి పట్టిన మెట్లు దిగక్కర్లేదు, నా చీర కుచ్చెళ్ళు తడవవు. నా చీర గురించి అంత ఆలోచించిన మనిషి అసలు సంగతి మరిచిపోయారు. మేం వెళ్ళేసరికి లాంచీ తాడుతో కట్టేసి ఉంది. లాంచీ నడిపే అతను గట్టు మీద కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు.

"ఓడ వస్తంది బాబూ. అది లోనకెల్లేదాకా దాటకూడదు. గంట పడతదో, గంటన్నర పడతదో."

"ఇప్పుడా?" అన్నారు ఆయన.

"నిండు సరుకు ఓడ గదా, పోటు మీదే రావాల. పట్టీ ఎవుడు రాసినాడో గానీ, సరిగ్గా నాలుగు డబ్బులొచ్చే ఏళకి రాసినాడు."

ఆయన మొహం చూసి నాకు సంగతి తెలిసిపోయింది. సెలవు మీద వచ్చే ముందు రోజు ఆ ఓడని శుక్రవారం మధ్యాహ్నం పోటుకి రాసింది ఈయనే. ఆఫీసు కాగితం మీద ఓడని, ఇంటి కాగితం మీద నన్ను, ఇద్దర్నీ ఒకే నీళ్ళ మీదికి ఒకే గంటకి ఎక్కించారు. నేను గట్టు మీద కూర్చుని పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాను. ఆయన బుర్ర గోక్కుని, లాంచీ అతనికి వినబడకుండా, "సెప్పకే" అని బతిమాలారు.

అలా కూర్చుని ఉండగా, ఓడలకి తాళ్ళు కట్టే పనివాడొకతను మమ్మల్ని చూసి గబగబా వచ్చాడు. గాజువాక నుంచి సైకిలు మీద వచ్చి పోతుంటాడు, మా ఆయనతో చనువు. నాకు దణ్ణం పెట్టి, ఆయన పక్కన చతికిలబడ్డాడు.

"ఏటి బావా, ఎలిపోతన్నావంట గదా! ఉద్యోగం ఒగ్గేత్తన్నానని కాయితం ఇచ్చీసినావంట. రేపు పైకి పంపేత్తారని ఆఫీసులో అనుకుంతన్నారు. గుడివాడంట గదా? అక్కడ సముద్రం నేదు గదా బావా, ఏటి సేత్తావు?"

ఆ వచ్చినతను నా వంక చూసి, ఆయన వంక చూసి, పనుందని లేచి వెళ్ళిపోయాడు.

నా నవ్వు ఎటు పోయిందో తెలియదు. "ఎప్పుడిచ్చారు?" అన్నాను.

"సెలవు కాయితంతోటే. రెండూ ఒకేపాలి ఇచ్చీసినాను."

"నన్ను అడగకుండానా?"

"ఏడాది బట్టీ నువ్వు సెప్తానే ఉన్నావు గదా. ఇంకేటి అడగడం?"

"మరి రేపు రాయాల్సిన ఉత్తరం?"

"వత్తన్నామని రాయాల గదా మరి."

నాకు కోపం వచ్చిందో, ఏడుపు వచ్చిందో చెప్పలేను. "మరి ఈ వారమంతా నన్నెందుకు తిప్పినట్టు? నా మనసు మార్చాలని కాదా?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. ఆ ఆలోచనే ఆయనకి వచ్చినట్టు లేదు. నీళ్ళకేసి చూస్తూ, మాటలు కూడబలుక్కుని చెప్పారు.

"నాను ఈ ఊరొచ్చి ఎనిమిదేళ్ళయింది. షిఫ్టుకెల్లడం, పట్టీ రాయడం, వచ్చి తొంగోడం. ఏ కొండా ఎక్కనేదు, ఏ గుడీ సరిగ్గా సూడనేదు. ఎలిపోతే మళ్ళీ రాం గదా. ఒకపాలి సూసీసి ఎల్దామనిపించింది. నువ్వు కూడా పక్కనుంటే బాగుంటదని..."

అంతే అన్నారు. అందులో నిష్ఠూరమేమీ లేదు. ఉంటే నేను పోట్లాడి బతికిపోయేదాన్ని.

అప్పుడే ఓడ మొగలోకి వచ్చింది. ఇటు గట్టుకీ అటు కొండకీ మధ్య ఉన్న సందంతా అదే. మేము కూర్చున్న రాళ్ళు అదిరాయి. నేను ఓడ చూడలేదు, ఆయన మొహమే చూస్తున్నాను. ఆ ఓడ ఏ దేశం నుంచి వస్తోందో, ఎన్నాళ్ళు ప్రయాణం చేసిందో, కడుపులో ఏముందో, ఏ బెర్తులో ఎన్ని రోజులుంటుందో, అన్నీ ఆయనకి తెలుసు. స్వయంగా రాశారు. లేచి నిలబడి, మెడ పైకెత్తి, చిన్నపిల్లాడిలా నోరు తెరిచి చూస్తూ, "ఓలమ్మా, ఎర్రగా ఉందే!" అన్నారు.

ఆఫీసు గదిలో కూర్చుని ఎనిమిదేళ్ళు ఓడలు రాసిన మనిషికి వాటి రంగు తెలియదు. ఏడాదిగా నేను దుమ్ము గురించీ, కుళాయి గురించీ, బెల్లం గురించీ చెబుతూనే ఉన్నాను. ఈ మనిషికేం కావాలో ఒక్కరోజూ అడగలేదు. ఈ వారమంతా ఆయన నన్ను అడగడం లేదని ఉక్రోషపడ్డానే తప్ప, నేను ఆయన్ని అడగాలని తోచనేలేదు. నాకు చాలా సిగ్గేసింది.

ఓడ లోపలికి వెళ్ళిపోయింది. లాంచీ అతను తాడు విప్పుతూ రమ్మని కేకేశాడు.

"మీ ఆఫీసు ఎన్నింటికి మూస్తారు?" అన్నాను.

"అయిదింటికి. ఎందుకు?"

"ఆ కాగితం రేపు పైకి వెళ్తుందన్నాడుగా అతను. ఇవాళే వెనక్కి తీసుకోండి."

"మరి లైట్‌హౌసో?"

"అది ఎక్కడికీ పోదు. మనమూ పోం. నడవండి."

ఆయన కదల్లేదు. "నీకీ ఊరు నచ్చనేదు గదా" అన్నారు మెల్లగా.

"నచ్చలేదు" అన్నాను. అబద్ధమెందుకు? "నడవమన్నానా!"

దాదాపు పరిగెత్తాం. ఆఫీసు ముందు వరండాలో నేను నిలబడ్డాను, ఆయన లోపలికెళ్ళారు. ఎంతసేపటికీ రారు. ఇవ్వనన్నారేమో, ఆలస్యమైపోయిందేమోనని, ఆ ఊరు వదిలిపోవాలని ఏడాది మొక్కుకున్న నోటితోనే అమ్మవారికి మొక్కుకున్నాను. చివరికి మడత పెట్టిన కాగితం పట్టుకుని బయటికొచ్చారు. మెట్లు దిగి, నా చెయ్యి పట్టుకున్నారు.

ఆ ఊరు నాకు నచ్చడానికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది. ఆ సాయంత్రం మాత్రం, షిఫ్టు దిగిన జనమంతా చూస్తుండగా ఇంటిదాకా ఆయన నా చెయ్యి వదల్లేదు. నేనూ విడిపించుకోలేదు.